ఒక ప్లాటు, రెండు లెక్కలు: చెట్ల వ్యాప్తిని బట్టి అడవిని చదవడం ఎలా

అడవికి వెళ్లి చెట్ల పేర్లు రాసుకురావడం చాలామంది చేసే పనే. వంద పేర్ల జాబితా తయారవుతుంది, ఫోన్ నిండా ఫొటోలు చేరతాయి, తర్వాత ఆ జాబితాతో ఏం చేయాలో తెలీక అది అలాగే పడి ఉంటుంది. నా దగ్గరా అలాంటి నోటుబుక్కులు రెండు మూడు మూలుగుతూ ఉండేవి. ప్రతి పేరు పక్కన ఇంకో గడి గీసి, ఈ జాతి భూమ్మీద మొత్తం ఎంత మేర పెరుగుతుంది అన్నది రాయడం మొదలుపెట్టాకే ఆ జాబితాలు నాకు ఏదో చెప్పడం మొదలైంది.

ఒక జాతి సహజంగా పెరిగే ప్రాంతమంతా కలిపితే అది దాని వ్యాప్తి. ఇంగ్లీషులో రేంజ్ అంటారు. ఒక చెట్టు వ్యాప్తి సగం ఖండం ఉంటుంది, దాని పక్కనే కొమ్మలు తగిలేంత దగ్గరగా నిలబడ్డ ఇంకో చెట్టు నాలుగు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. ఈ రెండూ ఇక్కడ ఎలా కలిశాయి, ఎవరి చెట్లు ఎక్కువున్నాయి, ఎవరి మొక్కలు పైకొస్తున్నాయి, ఎవరివి రావట్లేదు? ఇవి తేల్చుకోవడానికి పీహెచ్‌డీ ఏమీ అక్కర్లేదు. టేపు, తాడు, ఫోను, ఒక స్ప్రెడ్‌షీట్, బోలెడంత ఓపిక ఉంటే సరిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. అడవి అంటే కలిసి పుట్టి కలిసి పెరిగిన కుటుంబం అన్నట్టుగా మనం మాట్లాడుతుంటాం. నూరేళ్ల కిందట ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త కూడా దాదాపు అలాగే, అడవి మొత్తం ఒకే ప్రాణి లాంటిది అన్నాడు. అదేం కాదు, ఏ జాతి దారి దానిదే, ఒకేచోట బతకగలిగినవి అక్కడ కలుస్తాయి అంతే అని 1926లో హెన్రీ గ్లీసన్ అనే ఇంకో వృక్ష శాస్త్రవేత్త వాదించాడు. అప్పట్లో ఆయన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు మార్గరెట్ డేవిస్ అనే శాస్త్రవేత్త చెరువుల అడుగు మట్టిలో దొరికిన పుప్పొడిని లెక్కపెట్టి చూస్తే, మంచుయుగం ముగిశాక తూర్పు ఉత్తర అమెరికాలో చెట్లు ఒకదాని వెంట ఒకటి గుంపుగా రాలేదని, ఒక్కో జాతి ఒక్కో దారిలో ఒక్కో కాలంలో వచ్చిందని తేలింది. ఈరోజు విడదీయలేని జంటలా కనిపించే చెట్లు ఒకచోటికి చేరింది కొన్ని వేల ఏళ్ల తేడాతో. కాబట్టి మీరు అడవిలో కొలిచి గీసే గడిలో ఉన్నది ఎన్నో వ్యాప్తులు ఒకదాని మీద ఒకటి పడిన చోటు. దాన్ని పొర పొరగా విడదీసి చూడడమే మన పని.

ప్లాటు వేయడం

పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ అనే పరిశోధకులు 50 హెక్టార్ల ప్లాటు (చెట్లు లెక్కపెట్టడానికి కొలిచి హద్దులు గీసిన చోటు) వేసి, 1 సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండాన్నీ కొలిపించారు. సుమారు 300 జాతులు తేలాయి. తమిళనాడులోని ముదుమలైలోనూ 1988లో అదే పద్ధతిలో 50 హెక్టార్ల ప్లాటు మొదలైంది. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. ఒక్కోటి 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉండే గడులు ఆరో ఎనిమిదో చాలు, కానీ అవి ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ఇలాంటివి 25 వేస్తే ఒక హెక్టారు అవుతుంది. అడవి ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే లోపల అడుగుపెట్టండి.

చోటు ఎంచుకునేటప్పుడే సగం తప్పులు జరిగిపోతాయి. పెద్ద చెట్లు, చల్లటి నీడ, పక్కనే వాగు ఉన్నచోట గడి గీయాలని మనసు లాగుతుంది. అలా చేస్తే వాగు ఒడ్డున పెరిగే జాతులే అడవంతా ఉన్నట్టు తేలుతుంది. ముందే ఇంట్లో కూర్చుని మ్యాపు మీద అడ్డదిడ్డంగా చుక్కలు పెట్టుకోండి. చుక్క ఎక్కడ పడితే అక్కడే గడి. ముళ్ల పొదలో పడినా సరే (నాకు రెండుసార్లు అక్కడే పడింది). వాలు మీద టేపును నేలకి ఆనించి కొలిస్తే గడి చిన్నదైపోతుంది, కాబట్టి టేపును వాలు వెంట కాకుండా అడ్డంగా, సమతలంగా పట్టుకుని మెట్లు మెట్లుగా దిగుతూ కొలవాలి.

చెట్టు మందం కొలిచే ఎత్తు నేల నుంచి 1.3 మీటర్లు, అంటే దాదాపు ఛాతీ ఎత్తు. వాలు మీదైతే ఎగువ వైపు నిలబడి కొలవండి. మామూలు టేపుతో వచ్చేది చుట్టుకొలత కాబట్టి దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్లే లెక్క అనుకుంటే, చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు దాటిందా లేదా చూస్తే సరి. మొదలు దగ్గర బల్లల్లా వేళ్లు పొడుచుకొచ్చిన చెట్టయితే ఆ వేళ్లు ముగిసిన పైభాగాన కొలవాలి. ఒకే మొదలు నుంచి నాలుగు కాండాలు లేస్తే నాలుగూ కొలవండి, చెట్టు మాత్రం ఒకటే. గడి ఒక మూలన 5 మీటర్ల చదరం విడిగా గీసి అందులో చిన్న మొక్కల్ని జాతివారీగా లెక్కపెట్టండి. చాలామంది ఇది వదిలేస్తారు. ముందు ముందు అసలు ప్రశ్నకు జవాబు దొరికేది ఆ మూలలోనే.

పేర్ల దగ్గర తొందరపడొద్దు. నా మొదటి ప్లాటులో "తెలీని చెట్టు" అని రాసుకున్నవి పదకొండు ఉండేవి. ఇంటికొచ్చి చూస్తే ఆ పదకొండూ ఒకటే జాతా, మూడు జాతులా అని నాకే అనుమానం, ఆకు ఒక్కటి కూడా తెచ్చుకోలేదు మరి. ఒక్కో దానికి కొమ్మ, ఆకు ముందు వెనక, బెరడు, పువ్వో కాయో ఉంటే అది కూడా ఫొటో తీసి, ఒక రెమ్మను పాత పేపర్ల మధ్య నొక్కిపెట్టండి. వాడుక పేరు ఒక్కటే రాసుకుంటే వ్యాప్తి వెతకడం కుదరదు. మద్ది అంటే ఏ మద్ది? తెల్లమద్దా, నల్లమద్దా? రెండూ వేరు జాతులు. శాస్త్రీయ నామంతోనూ చిక్కులున్నాయి. నల్లమద్దినే తీసుకోండి, టెర్మినేలియా టొమెంటోసా అని, అలాటా అని, ఎలిప్టికా అని మూడు పేర్లతో రికార్డులున్నాయి. ఒక పేరుతోనే వెతికితే దాని వ్యాప్తిలో ముక్క మాత్రమే కనిపిస్తుంది, పాపం అది అరుదైన చెట్టు అని మీరు రాసేస్తారు.

వ్యాప్తి ఎక్కడ దొరుకుతుంది

మొదట చూడాల్సింది లండన్‌లోని క్యూ గార్డెన్స్ వాళ్లు నడిపే వెబ్‌సైట్ ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్. ఉచితం. పాత పేర్లన్నీ ఇప్పుడు ఏ పేరు కిందకి వస్తాయో చెబుతుంది, సహజంగా పెరిగే ప్రాంతాలనూ మనుషులు తీసుకెళ్లి నాటిన ప్రాంతాలనూ విడివిడి రంగుల్లో చూపిస్తుంది. కాకపోతే అది దేశాలు, పెద్ద పెద్ద ప్రాంతాల లెక్కన రంగు వేస్తుంది. ఒక మూల కొండ మీద ఉన్న చెట్టుకి కూడా మొత్తం ప్రాంతం రంగు పడిపోతుంది. అందుకని దాన్ని వడపోతకు వాడుకుని, చెట్టు కనిపించిన ఒక్కో చోటునీ చూపే అసలు చుక్కల కోసం జీబిఫ్‌కి వెళ్లండి. 2001లో మొదలైన ఈ అంతర్జాతీయ డేటా వేదిక కార్యాలయం కోపెన్‌హాగెన్‌లో ఉంది. హెర్బేరియం నమూనాలు (ఎండబెట్టి దాచిన మొక్కలు), సర్వేలు, జనం తాము చూసిన జీవుల ఫొటోలు పెట్టే ఐనేచురలిస్ట్ ఫొటోలు, అన్నీ అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో దొరుకుతాయి.

దిగుమతి చేసిన చుక్కల్ని అలాగే వాడితే కొంప మునుగుతుంది. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అని పడిన చెట్లు ఆఫ్రికా పక్కన సముద్రంలో మొలుస్తాయి. అక్షాంశం రేఖాంశం తారుమారైనవి ఏ ఎడారిలోనో తేలతాయి. దేశం నడిబొడ్డున ఒక్కచోటే ముప్పై చుక్కలుంటే, ఊరి పేరు తెలీక దేశం మధ్యలో పెట్టారని అర్థం. బొటానికల్ గార్డెన్‌లో, రోడ్డు పక్కన నాటిన చెట్లు కూడా చుక్కలై కూర్చుంటాయి. ఇంకోటి, ప్రమాదంలో ఉన్న జాతుల చుక్కల్ని ఐనేచురలిస్ట్ కావాలనే చెదరగొడుతుంది, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట పెట్టి చూపిస్తుంది, అంటే అసలు చెట్టు ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నా ఉండొచ్చు. ఇవన్నీ ఏరిపారేయడానికి ఒక్కో జాతికి అరగంట పడుతుంది. విసుగు పుట్టించే పనే, కానీ మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది.

మిగిలిన చుక్కలతో వ్యాప్తిని రెండు రకాలుగా కొలుస్తారు. చుక్కలన్నిటి చుట్టూ తాడు బిగించినట్టు బయటి హద్దు గీసి లోపలి వైశాల్యం తీసుకోవడం ఒకటి. 2 కిలోమీటర్ల చదరాలుగా మ్యాపును కోసి, ఎన్ని చదరాల్లో చుక్క పడిందో లెక్కపెట్టడం ఇంకోటి. ముప్పులో ఉన్న జాతుల ఎర్ర జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెండూ వాడుతుంది. మొదటిది 20,000 చదరపు కిలోమీటర్ల లోపో, రెండోది 2,000 లోపో ఉండి, ముక్కలు ముక్కలైపోవడం, తగ్గిపోతూ ఉండడం లాంటి మిగతా షరతులూ తోడైతే ఆ జాతి ముప్పు జాబితాకెక్కుతుంది. క్యూ వాళ్లదే జియోక్యాట్ అనే ఉచిత సాధనం ఉంది, చుక్కలు ఎక్కిస్తే రెండు అంకెలూ ఇస్తుంది.

తాడు పద్ధతిని గుడ్డిగా నమ్మకండి. మాంటెరీ పైన్ అనే చెట్టు సహజంగా పెరిగేది కాలిఫోర్నియా తీరంలో మూడు చోట్ల, మెక్సికోకి చెందిన రెండు దీవుల్లో. వాటి చుట్టూ తాడు కడితే లోపల ఉండేది చాలావరకు సముద్రం! ఇదే చెట్టు న్యూజిలాండ్‌లో, చిలీలో, ఆస్ట్రేలియాలో నాటితే లక్షల హెక్టార్లలో ఏపుగా పెరుగుతోంది. కాబట్టి ఇరుకు వ్యాప్తి ఉన్న చెట్టు బలహీనమైనది, ఇంకెక్కడా బతకలేనిది అనుకోవడం తప్పు. చాలాసార్లు దాన్ని ఆపింది వాతావరణం కాదు. మధ్యలో సముద్రమో, పర్వతాలో, ఎప్పటిదో చరిత్రో అడ్డు పడి ఉంటుంది.

రెండు లెక్కలు

ఇప్పుడు షీటులో ఒక్కో జాతికి ఒక వరస: పేరు, మీ గడుల్లో చెట్ల సంఖ్య, చిన్న మొక్కల సంఖ్య, సహజ వ్యాప్తి, మనుషులు తీసుకెళ్లిన వ్యాప్తి. చివరి రెంటినీ ఒకే గడిలో ఎప్పుడూ కలపొద్దు. లంటానా అనే పొద పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం, ఈరోజు అది ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అడవుల్లోనూ అల్లుకుపోయింది. దాని ప్రపంచ వ్యాప్తిని సహజ వ్యాప్తి కింద రాస్తే మీ లెక్క మొత్తం అటు ఒరిగిపోతుంది.

లెక్క ఎలా పోతుందో చూడడానికి ఊహాజనితమైన గడి ఒకటి తీసుకుందాం. వంద చెట్లు, ఐదు జాతులు. మొదటి జాతివి 60 చెట్లు, వ్యాప్తి 40 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండోది 25 చెట్లు, 10 లక్షలు. మూడోది 10 చెట్లు, 50 వేలు. నాలుగోది 3 చెట్లు, 20 వేలు. ఐదోది 2 చెట్లు, 5 వేలు. ఇక్కడ సగటు తీస్తే మొదటి జాతి ఒక్కటే మొత్తాన్ని మింగేస్తుంది, అందుకే సగటు జోలికి పోకుండా వరసగా పేర్చి మధ్యన ఉన్న విలువ తీసుకోండి. జాతుల్ని పేరిస్తే మధ్యలో నిలిచేది 50 వేలు. అదే చెట్లని ఒక్కొక్కటిగా పేరిస్తే మధ్యలో నిలిచేది 40 లక్షలు. ఒకే గడి, ఎనభై రెట్ల తేడా!

ఈ తేడానే నేను అన్నిటికంటే ముందు చూస్తాను. పేర్ల జాబితా చూసినవాళ్లకి ఇది అరుదైన జాతులు నిండిన అడవి, నడిచి వెళ్లేవాళ్ల కంటికి మాత్రం అంతటా దొరికే చెట్లే. రెండూ నిజమే. అమెజాన్ అడవిలో ఇది భారీ స్థాయిలో కనిపిస్తుంది. అక్కడ సుమారు 16,000 చెట్ల జాతులుంటాయని, అందులో 227 జాతులే మొత్తం చెట్లలో సగం ఉంటాయని 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. జాతుల్లో ఒకటిన్నర శాతం కూడా లేనివి, చెట్లలో సగం!

వ్యాప్తి ఎక్కువున్న జాతికి ఒక్కోచోటా చెట్లు ఎక్కువుండడం లోకమంతటా కనిపించే ధోరణే. రకరకాల నేలల్ని, వానల్ని తట్టుకునే జాతి ఎక్కువ చోట్లకి వెళ్తుంది, వెళ్లినచోట బాగా పెరుగుతుంది కూడా. చుట్టూ దాని చెట్లే ఉంటే విత్తనాలు రోజూ వచ్చి పడుతుంటాయి. మన పద్ధతిలోని లోపం కూడా కొంత కలుస్తుంది, పలచగా ఉండే జాతి చాలా సర్వేల్లో కంటికి ఆనదు కాబట్టి దాని వ్యాప్తి ఉన్నదానికంటే చిన్నదిగా నమోదవుతుంది.

కానీ ధోరణిని నియమం అనుకుంటే దెబ్బతింటారు. డెబరా రాబినోవిట్జ్ అనే వృక్ష శాస్త్రవేత్త 1981లో అరుదు అన్న మాటను మూడు ప్రశ్నలుగా విడగొట్టింది: వ్యాప్తి పెద్దదా చిన్నదా, రకరకాల చోట్ల పెరుగుతుందా ఒకే రకం చోటా, పెరిగినచోట గుంపుగా ఉంటుందా ఒకటీ అరా ఉంటుందా. ఈ మూడింటిని కలిపితే ఎనిమిది రకాలు వస్తాయి, వాటిలో ఏడు ఏదో ఒక రకంగా అరుదైనవే. కోస్ట్ రెడ్‌వుడ్ వ్యాప్తి 700 కిలోమీటర్లకు పైగా పొడవున్న సన్నటి తీరపు పట్టీ, కానీ ఆ పట్టీలో రాజ్యం దానిదే. ఎర్రచందనం శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు దాటి సహజంగా పెరగదు, ఆ కొండల్లో మాత్రం చాలాచోట్ల గుంపులుగా ఉంటుంది. అందుకే మీ షీటులో ప్రతి జాతికీ ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాసేయండి. ఆ మూడు గడులు నింపాక చాలా జాతుల మీద మీ అభిప్రాయం మారుతుంది.

అంచు ఎక్కడ, లేనిది ఎవరు

తర్వాత మీ గడి ఒక్కో జాతి వ్యాప్తిలో ఎక్కడ పడిందో గుర్తించండి. నడిమధ్యనా, అంచునా? అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి దగ్గరి అంచు ఎంత దూరమో మ్యాపు మీదే అంచనా వేయొచ్చు. వ్యాప్తి మధ్యలో చెట్లు దట్టంగా, అంచుకి పోయేకొద్దీ పలచగా ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. పరీక్షించి చూస్తే కొన్నిటికి సరిపోయింది, చాలావాటికి సరిపోలేదు. కాబట్టి మీ గడిలో చెట్లు తక్కువున్నాయి కాబట్టి ఇది అంచే అని తేల్చేయకండి, మ్యాపు చూసే చెప్పండి. భారతదేశంలో సాల్ చెట్టు, అదే మన గుగ్గిలం చెట్టు, ఉత్తరాన, తూర్పున పరుచుకుంది. టేకు ఎక్కువగా పడమర, దక్షిణం వైపు. మధ్య భారతంలో రెండూ కలుస్తాయి. అలాంటి చోట గడి వేస్తే ఒక జాతికి అది ఉత్తరపు కొస, ఇంకోదానికి దక్షిణపు కొస కావొచ్చు. వాతావరణం మారితే రెండూ ఒకేలా స్పందించవు.

చిన్న మొక్కల మూల పనికొచ్చేది ఇక్కడే. వ్యాప్తిలో వేడీ ఎండా ఎక్కువున్న వైపు అంచులో ఒక జాతి పెద్ద చెట్లు బాగానే ఉండి, కింద దాని మొక్క ఒక్కటీ లేకపోతే దాన్ని ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ జాతి ఇక్కణ్నుంచి తప్పుకుంటోందని మాత్రం అప్పుడే ప్రకటించేయొద్దు. పశువులు మేసి ఉండొచ్చు, ఏటా నిప్పు పడుతుండొచ్చు, ఆ జాతికి పెద్ద చెట్టు కూలి ఎండ పడితేనే మొక్క లేవొచ్చు. నడిమధ్యన ఉన్న జాతుల మొక్కలు బాగున్నాయి, అంచున ఉన్నవాటివే లేవు అన్న తేడా ఆరేడు గడుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తే అప్పుడు మాట్లాడదాం.

ఉన్నవాళ్ల లెక్క అయ్యాక లేనివాళ్ల లెక్క. ఏ జాతుల వ్యాప్తి మీ అడవిని కప్పుతోందో, అయినా మీ గడుల్లో ఎవరు కనిపించలేదో రాయండి. దీన్ని 2011 నుంచి డార్క్ డైవర్సిటీ అంటున్నారు. ఈ జాబితా లేకుండా ఇక్కడ జాతులు తక్కువ, అక్కడ ఎక్కువ అని పోల్చడం అన్యాయం. ఉత్తరార్ధగోళంలో తేమ ఉన్న సమశీతోష్ణ అడవుల చెట్లని 1993లో లెక్కేస్తే తూర్పు ఆసియాలో 729 జాతులు, తూర్పు ఉత్తర అమెరికాలో 253, యూరప్‌లో 124 తేలాయి. యూరప్ అడవిలో ఒక హెక్టారు వెలవెలబోతుంటే తప్పు ఆ హెక్టారుది కాదు, రావడానికి చుట్టుపక్కల ఉన్న జాతులే తక్కువ. మంచుయుగాల్లో చెట్లు దక్షిణానికి జరగాలంటే అడ్డంగా ఆల్ప్స్, దాటితే మధ్యధరా సముద్రం. చాలా జాతులు అక్కడే అంతరించిపోయాయని ఎక్కువమంది చెప్పే కారణం.

లేనివాళ్లలో ఇంకో రకం ఉంది, మ్యాపులో ఉండి అడవిలో లేనట్టే అయినవి. అమెరికన్ చెస్ట్‌నట్ అపలాచియన్ కొండల పొడవునా ఒకప్పుడు ప్రధాన వృక్షం. 1904లో న్యూయార్క్‌లో ఒక బూజు తెగులు కనిపించింది, యాభై ఏళ్లు తిరక్కుండానే మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి. వేళ్ల నుంచి పిలకలు ఇప్పటికీ లేస్తుంటాయి, కాస్త ఎదగగానే తెగులు మళ్లీ పట్టుకుంటుంది. వ్యాప్తి మ్యాపు చూస్తే రంగు దాదాపు చెక్కుచెదరలేదు. ఇలాంటి జాతి తగిలితే షీటులో ఉంది అని రాయండి, పక్కనే మొక్కలే, పెద్ద చెట్టు లేదు అని కూడా రాయండి. ఒక్క అవును, కాదుతో సరిపెట్టారో మొత్తం కథ పోతుంది.

ఐదేళ్లకో సారి మళ్లీ అదే గడికి వెళ్లి కొలవాలి, కాబట్టి మూలల్లో తుప్పు పట్టని గుర్తులు పాతి, జీపీఎస్ అంకెలతో పాటు నాలుగు దిక్కుల ఫొటోలూ దాచుకోండి. చెట్ల కింద జీపీఎస్ పది మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. డేటాని జీబిఫ్‌లోనో ఇంకో బహిరంగ వేదికలోనో పెడితే తర్వాత వచ్చేవాళ్ల మ్యాపులో మీ చుక్క కూడా చేరుతుంది. ఎర్రచందనం లాంటి, దొంగల కన్ను పడే జాతులుంటే మాత్రం వాటి స్థానాన్ని పదుల కిలోమీటర్ల స్థాయికి మసకబరిచి పెట్టండి, ఫొటోల్లో దాగి ఉండే లొకేషన్ వివరాలు కూడా తీసేశాకే ఎక్కించండి.